కయోటీ తోలు చెడకుండా రైఫిల్ తూటా ఎంచుకోవడం ఎలా

కయోటీ మన గుంటనక్క కంటే కాస్త పెద్దది. బరువు మహా అయితే 9 నుంచి 20 కిలోలు. చలికాలపు బొచ్చు వల్ల భారీగా కనిపిస్తుంది గానీ లోపలి ఒళ్లు సన్నం. దాన్ని పడగొట్టడానికి ఏ సెంటర్‌ఫైర్ (తూటా అడుగున మధ్యలో కొడితే పేలే రకం) రైఫిలైనా సరిపోతుంది. తోలు పాడవకుండా పడగొట్టడమే కష్టం. జింక కోసం చేసిన బుల్లెట్ ఇంత సన్నటి ఒంట్లోంచి దూసుకుపోతూ అవతలి పక్క పిడికిలంత కన్నం చేస్తుంది. ఆ తోలును కొనేవాడు పక్కకు తోసేస్తాడు.

ఈ వ్యాసం వేట చట్టబద్ధమైన అమెరికా, కెనడాలలోని తెలుగువారి కోసం. భారతదేశంలో నక్కను వేటాడడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అమెరికాలోనూ ఒక మెలిక ఉంది. హెచ్‌-1బి, ఎఫ్‌-1 లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవారు తుపాకీయే కాదు, తూటాల పెట్టె దగ్గర పెట్టుకున్నా ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే. అక్కడి ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉండి, దాని గడువు తీరకుండా ఉంటే మినహాయింపు వర్తిస్తుంది. స్నేహితుడి రైఫిల్ ఒక్కసారి పట్టుకుంటే ఏమవుతుందిలే అనుకోవద్దు, ఆ నిషేధం దానికీ వర్తిస్తుంది. లైసెన్సు ముందు, తూటాలు తరవాత. కెనడాలో అయితే పీఏఎల్ అనే తుపాకీ లైసెన్సు కావాలి. రాత్రి వేట, సీజన్, ఏ క్యాలిబర్ (తుపాకీ గొట్టం, తూటా కొలత) వాడవచ్చు అన్నవి రాష్ట్రానికో రకంగా ఉంటాయి, ఏటా మారుతుంటాయి కూడా. ఆ ఏడాది నియమావళి చదవకుండా బయల్దేరకండి.

తోలు కోసమే వేటైతే కాలం కూడా చూసుకోవాలి. అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో బొచ్చు నవంబరు చివరి నుంచి జనవరి దాకా నిండుగా ఉంటుంది. ఫిబ్రవరి వచ్చేసరికి తుంట్ల మీద, మెడ మీద అరుగుతుంది. మాంటానా, డకోటాలు, ఆల్బర్టా వైపు లేతరంగు ఒత్తు బొచ్చు చిన్న కన్నాన్ని కప్పేస్తుంది. టెక్సస్ కయోటీకి బొచ్చు పొట్టి, పలచన. అక్కడ చిన్న కన్నం కూడా బయటపడుతుంది కాబట్టి తూటా ఎంపికలో ఇంకా జాగ్రత్త పడాలి.

లోపలే ఆగాలి, లేదా సన్నగా బయటికి పోవాలి

తూటా మొత్తంలో తోలుకు సంబంధించింది ముందున్న బుల్లెట్, అది తగిలేటప్పటి వేగం. ఈ రెండూ కలిసి మూడు రకాలుగా పనిచేస్తాయి. మొదటిది, పలచటి రాగి తొడుగు, ముందు ప్లాస్టిక్ మొన ఉన్న వార్మింట్ (చిన్న జంతువుల వేట కోసం చేసిన) బుల్లెట్: హోర్నడీ వి-మ్యాక్స్, సియెరా బ్లిట్జ్‌కింగ్, నోస్లర్ బాలిస్టిక్ టిప్ వార్మింట్ లాంటివి. పక్కటెముకల మధ్య నుంచి దూరి, ఊపిరితిత్తుల్లో తునాతునకలై అక్కడే ఆగిపోతుంది. లోపలికి వెళ్లిన చిన్న కన్నం తప్ప తోలు మీద ఇంకేమీ ఉండదు. జంతువు నిలబడ్డ చోటే కూలుతుంది. మనకు కావలసింది ఇదే.

రెండోది బార్న్స్ టీఎస్‌ఎక్స్ లాంటి ఏకఖండం రాగి బుల్లెట్. ఇది పువ్వులా విచ్చుకుంటుంది గానీ ముక్కలు కాదు, అవతలికి పోతుంది. ఎముక తగలకపోతే బయటి కన్నం నాణెమంత ఉంటుంది. రెండు కన్నాలు కుట్టుకోవాలి, అంతే.

మూడోది మామూలు సాఫ్ట్ పాయింట్, అంటే మొన దగ్గర సీసం బయటికి కనబడే బుల్లెట్. విచ్చుకుంటుంది, బయటికీ పోతుంది, పోతూ పోతూ ఎముక ముక్కల్ని, మాంసాన్ని వెంట తోసుకుపోతుంది. తోలుకు అన్నిటికంటే నష్టం దీంతోనే. చౌకగా దొరుకుతుంది కాబట్టి కొత్తవాళ్లు ఎక్కువగా కొనేదీ ఇదే.

ఫుల్ మెటల్ జాకెట్, అంటే మొనతో సహా లోహపు తొడుగున్న బుల్లెట్ సంగతి విడిగా చెప్పాలి. ‘చిన్న కన్నం వేసి బయటికి పోతుంది కదా, తోలుకు మంచిది’ అన్న సలహా చాలాచోట్ల వినిపిస్తుంది. దాన్ని పాటించకండి. విచ్చుకోని బుల్లెట్ గుండెకో వెన్నుకో సూటిగా తగలకపోతే కయోటీ పరుగెత్తి, ఎక్కడో పొదలో గంటల తరబడి నరకయాతన పడి చస్తుంది. అది జంతువుకు హింస, మీకు తోలూ దక్కదు. పైగా .223 అనే తూటాలో వాడే 55 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) సైనిక తరహా బుల్లెట్ దగ్గరి దూరంలో ఒంట్లో అడ్డం తిరిగి, నడుమున్న గాడి దగ్గర విరిగిపోతుంది. అప్పుడు కన్నం చిన్నదీ కాదు. గట్టి నేల మీద తగిలి ఎగిరి ఎటుపోతుందో చెప్పలేకపోవడం ఇంకో ప్రమాదం.

పెట్టె మీది వేగం, తగిలేటప్పటి వేగం

పెట్టె మీద అచ్చేసిన వేగం గొట్టం చివరిది, అదీ చాలావరకు 24 అంగుళాల గొట్టంతో కొలిచింది. తోలుకు సంబంధించింది తగిలేటప్పటి వేగం. .223 రెమింగ్టన్‌లో 55 గ్రెయిన్ల వి-మ్యాక్స్ సెకనుకు 3240 అడుగులతో బయల్దేరి, 100 గజాల దగ్గర దాదాపు 2850కి, 200 దగ్గర 2500కి, 300 దగ్గర 2170కి పడిపోతుంది. అదే బుల్లెట్ .22-250 అనే ఇంకా వేగమైన తూటాలో 3680తో బయల్దేరి 200 గజాల దగ్గర దాదాపు 2860 ఉంటుంది. అంటే .22-250తో 200 గజాల దగ్గర చేసిన గాయం, .223తో 100 గజాల దగ్గర చేసినదానికి సమానం. అదే .22-250తో 40 గజాల దగ్గర కాలిస్తే ఆ బుల్లెట్ ఏ .223 నుంచీ రాని వేగంతో తగులుతుంది.

‘ఫలానా క్యాలిబర్ తోలుకు మంచిది’ అన్న మాట దూరం చెప్పకుండా అంటే దానికి అర్థం లేదు. అందుకే కొనేముందు మీ వేటచోటు చూడండి. అరుపుల యంత్రంతో దట్టమైన పొదల్లోకి పిలిస్తే కయోటీ 30 నుంచి 80 గజాల్లోకి వచ్చేస్తుంది. వయోమింగ్ మైదానంలో 150 నుంచి 300 గజాల మధ్య నిలబడి చూస్తుంది. ఈ రెండు చోట్లకు ఒకే తూటా సరిపోదు. ఏఆర్‌-15 లాంటి రైఫిల్‌కుండే 16 అంగుళాల గొట్టంలో .223 వేగం మరో 200 అడుగులో, ఆపైనో తగ్గుతుంది. దగ్గరి వేటలో అది తోలుకు మేలే.

ఏ రైఫిల్‌కి ఏ బుల్లెట్

.223 ఇప్పటికే ఉంటే కొత్త రైఫిల్ కొనకండి. 50 లేదా 53 గ్రెయిన్ల వి-మ్యాక్స్, 50 లేదా 55 గ్రెయిన్ల బ్లిట్జ్‌కింగ్ లాంటివి రెండు మూడు రకాలు ఒక్కో పెట్టె తెచ్చుకుని, 100 గజాల దగ్గర ఐదేసి గుళ్లు కాల్చి చూడండి. ఐదూ అంగుళం లోపు పడిన రకాన్ని ఉంచుకోండి. 40 గ్రెయిన్లది 3800 వేగంతో పోతుంది. ఊపిరితిత్తుల మీద అద్భుతంగా పనిచేస్తుంది గానీ భుజం ఎముక తగిలితే పైనే పేలిపోతుంది. చేతి నిలకడ మీద నమ్మకం ఉంటేనే వాడండి. మా దృష్టిలో .223కి 50 గ్రెయిన్లే మధ్యేమార్గం.

2004లో వచ్చిన .204 రూగర్ తోలు వేటగాళ్లకు బాగా నచ్చిన తూటా. 32 గ్రెయిన్లది 4225 వేగంతో బయల్దేరుతుంది, 40 గ్రెయిన్లది 3900తో. కాగితం మీద 32 ఆకర్షణీయంగా కనిపిస్తుంది, కయోటీకి మాత్రం 39 లేదా 40 గ్రెయిన్లదే కొనండి. కాస్త బరువు ఉంటేనే బుల్లెట్ తోలు దాటి లోపలికి వెళ్లి పగులుతుంది. గాలికి కొట్టుకుపోవడమూ తక్కువ. దీని గొట్టాలు ఎక్కువగా బుల్లెట్‌ను 12 అంగుళాలకు ఒక చుట్టు తిప్పే గాడులతో వస్తాయి. 45 గ్రెయిన్ల బుల్లెట్ వాటిలో నిలకడగా తిరగకపోవచ్చు, ముందు కాగితం మీద పరీక్షించండి.

.17 రెమింగ్టన్, .17 ఫైర్‌బాల్ తోలును అన్నిటికంటే తక్కువ గాయపరుస్తాయి. 20, 25 గ్రెయిన్ల బుల్లెట్ దాదాపు 4000 వేగంతో పోతుంది. వలిచేటప్పుడు వేళ్లతో బొచ్చు విడదీసి వెతికితే గానీ కన్నం దొరకదు. ఇబ్బందులు రెండు. గంటకు 15 మైళ్ల గాలి వీస్తుంటే 200 గజాల దాటాక గురి నిలవదు. ఇంత సన్నటి గొట్టంలో మసి తొందరగా పేరుకుంటుంది కాబట్టి తరచూ తుడవాలి. రిమ్‌ఫైర్ (తూటా అడుగు అంచున కొడితే పేలే రకం) .17 హెచ్‌ఎమ్‌ఆర్ దీనికి తమ్ముడేమీ కాదు. 17 గ్రెయిన్లు, 2550 వేగం. కయోటీకి చాలదు, వద్దు.

.22-250 మైదానాల్లో మంచిది. 50, 55 గ్రెయిన్ల వి-మ్యాక్స్ 150 గజాల అవతల చక్కగా లోపలే ఆగుతుంది. 80 గజాల లోపు మాత్రం తోలు కాపాడటం కష్టం. పొదల్లో వేటకు ఈ రైఫిలే ఉంటే ఏకఖండం రాగి బుల్లెట్ పెట్టుకోండి. .243 విన్చెస్టర్ విషయంలోనూ ఇదే మాట. 58 గ్రెయిన్ల వి-మ్యాక్స్ 3925 వేగంతో దగ్గర్లో తగిలితే పైన పెద్ద గుంట పడుతుంది. 100 గ్రెయిన్ల జింక తూటా అవతల పెద్ద కన్నం చేస్తుంది. 6.5 క్రీడ్‌మూర్, .308లతో తోలు గురించి ఆశ పెట్టుకోకపోవడం మేలు.

గొట్టం గాడుల సంగతి ఇంకో మాట. పలచటి తొడుగు బుల్లెట్‌ను మరీ వేగంగా తిప్పితే గాల్లోనే చిట్లిపోతుంది. లెక్క సులభం: వేగాన్ని 720తో హెచ్చవేసి, ఒక చుట్టుకు పట్టే అంగుళాలతో భాగిస్తే నిమిషానికి ఎన్ని చుట్లో వస్తుంది. 3800 వేగం, 7 అంగుళాల గాడి అయితే దాదాపు 3 లక్షల 90 వేల చుట్లు. 9 అంగుళాలైతే 3 లక్షల 4 వేలు. 3 లక్షలు బాగా దాటిందంటే తేలికపాటి బుల్లెట్‌ను ముందు కాగితం మీద చూసుకోవాలి. కొన్ని గుళ్లు అసలు కాగితానికే చేరకపోయినా, కన్నం చుట్టూ బూడిదరంగు చార కనిపించినా ఆ జోడీ వదిలేయండి. హోర్నడీ ఎస్‌ఎక్స్ రకాన్ని 3500 వేగం దాటించకూడదని తయారీదారే చెబుతున్నాడు.

కాలిఫోర్నియాలో ఉన్నవారికి ఈ ఎంపిక సగం చట్టమే చేసేసింది. 2019 జూలై 1 నుంచి అక్కడ ఏ వేటకైనా సీసం లేని తూటాలే వాడాలి. .223కి 36 గ్రెయిన్ల బార్న్స్ వార్మింట్ గ్రెనేడ్, 35 గ్రెయిన్ల హోర్నడీ ఎన్‌టీఎక్స్ సీసం లేకుండానే లోపల పగిలే రకాలు. అక్కడ కొత్త బొచ్చు వస్తువుల అమ్మకం కూడా 2023 జనవరి నుంచి నిషిద్ధం, అది గుర్తుంచుకోండి. చట్టం లేని రాష్ట్రాల్లో కూడా సీసం వాడితే వలిచిన కళేబరాన్ని పూడ్చిపెట్టండి. సీసం తునకలున్న మాంసం తిని గద్దలు విషమెక్కి చస్తాయి.

కన్నం ఏ పక్క పెద్దది?

తోలు పాడైందని రైఫిల్ మార్చేవాళ్లే ఎక్కువ. ముందు చూడాల్సింది పాడైంది ఏ పక్క అన్నది. బుల్లెట్ దూరిన పక్క పెద్ద గుంట పడిందా, బయటికొచ్చిన పక్క చీలిందా? ఈ రెంటికీ మందు ఒకటి కాదు, పూర్తిగా ఎదురు. తెలియకుండా మారిస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది.

వలిచేటప్పుడు తోలును లోపలి పక్క నుంచి చూస్తే తెలిసిపోతుంది. దూరిన పక్క పక్కటెముకల మొనలు లోపలికి వంగి ఉంటాయి, కన్నం అంచుల్లో బొచ్చు లోపలికి లాక్కుపోయి ఉంటుంది. బయటికొచ్చిన పక్క ఎముక ముక్కలు తోలుకే గుచ్చుకుని ఉంటాయి, తోలు నక్షత్రంలా చీలి ఉంటుంది.

దూరిన పక్కే గుంట పడితే, అంటే తోలు కింద మాంసం చిరిగి లోపల ఊపిరితిత్తులు దాదాపు చెక్కుచెదరకుండా ఉంటే, బుల్లెట్ మరీ పెళుసు లేదా మరీ వేగం. వేటగాళ్లు దీన్నే స్ప్లాష్ అంటారు. ఇది తోలుకే కాదు, జంతువుకూ దారుణం, ఎందుకంటే పైపై గాయంతో పారిపోతుంది. దీనికి మందు అదే క్యాలిబర్‌లో బరువైన బుల్లెట్, లేదా కాస్త మందపాటి తొడుగు, లేదా తక్కువ వేగం. 40 గ్రెయిన్ల నుంచి 50కి, 32 నుంచి 40కి వెళ్లండి.

అవతలి పక్క చీలితే బుల్లెట్ మరీ గట్టిది, ఆగలేదు. అప్పుడు తేలికైన, పలచటి తొడుగుది కావాలి. సాఫ్ట్ పాయింట్ వాడుతుంటే ప్లాస్టిక్ మొనకు మారితే చాలావరకు తీరిపోతుంది. అవతల తోలు కింద గడ్డలా ఉబ్బి, వేలితో నొక్కితే రాగి తునకలు తగిలాయంటే ఆ తూటా ఆ దూరానికి సరిగ్గా కుదిరినట్టే, దాన్ని మార్చకండి.

ఒక్క జంతువును చూసి తీర్పు చెప్పకండి. దూరం, నిలబడ్డ కోణం, ఎక్కడ తగిలింది, ఏ పక్క కన్నం ఎన్ని అంగుళాలు అన్నవి పుస్తకంలో రాసుకోండి. ఐదారు జంతువులు అయ్యాక తూటా తీరు తెలుస్తుంది. నీళ్ల డబ్బాలను కాల్చి చూడటం వల్ల రెండు బుల్లెట్లలో ఏది తొందరగా పగులుతుందో తెలుస్తుందే తప్ప, ఎముకా తోలూ ఉన్న ఒంట్లో ఏమవుతుందో తెలియదు.

తూటాలు సొంతంగా నింపుకునేవారికి వేగం తగ్గించుకునే వెసులుబాటు ఉంది. .22-250ని .223 వేగానికి దింపితే దగ్గరి వేటకూ పనికొస్తుంది. కానీ మాన్యువల్‌లో ఆ పౌడరుకు ఇచ్చిన ప్రారంభ మోతాదు కంటే తక్కువ వేయకండి. నిదానంగా మండే పౌడరును మరీ తగ్గించి నింపితే పీడనం అదుపు తప్పి తుపాకీ పేలే ప్రమాదం ఉంది. తక్కువ వేగానికి విడిగా పరీక్షించి అచ్చువేసిన లోడ్లున్నాయి, వాటినే అనుసరించండి.

ఎక్కడ తగలాలి

ఎంత మంచి తూటా అయినా భుజం ఎముక మీద తగిలితే తోలు పాడవుతుంది. పక్కకు తిరిగి నిలబడితే ముందుకాలి వెనక అంచు వెంట పైకి వచ్చి, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడోవంతు దగ్గర గురిపెట్టండి. ఒంటి ఎత్తు అంటే బొచ్చుతో కలిపి కాదు. రొమ్ము కింద బొచ్చు రెండు మూడు అంగుళాలు వేలాడుతుంది, దాన్నే ఒళ్లనుకుంటే గుండు బొచ్చులోంచి పోతుంది. ఎదురుగా నిలబడి చూస్తుంటే మెడ కింద, రెండు భుజాల మధ్య గుంటలో కొట్టండి. బుల్లెట్‌కు ఒంటి పొడవంతా దొరుకుతుంది కాబట్టి బయటికి రానేరాదు. తోలుకు ఇంతకు మించిన కోణం లేదు. ఐమూలగా నిలబడితే ఆగండి. పెదవులతో చిన్నగా చప్పుడు చేస్తే చాలాసార్లు ఆగి మీ వైపు తిరుగుతుంది. పరుగెత్తేదాన్ని కాల్చకండి. పొట్టలో తగిలితే లోపలి మురికి తోలంతా పట్టేస్తుంది, జంతువూ నరకం చూస్తుంది. మధ్యలో ఎండుగడ్డి పుల్ల అడ్డమున్నా వార్మింట్ బుల్లెట్ అక్కడే పగిలిపోవచ్చు. దారి శుభ్రంగా కనబడితేనే కాల్చండి.

200 గజాలకు గురి సరిచేసుకుంటే .223లో 55 గ్రెయిన్లది 100 దగ్గర దాదాపు అంగుళంన్నర పైన, 300 దగ్గర 7 అంగుళాల కింద పడుతుంది. ఇది గుర్తుంటే 225 గజాల దాకా గురి నేరుగా పెట్టేయవచ్చు.

పడ్డాక

రక్తం బొచ్చులో ఎండిపోతే మచ్చ పోదు. కన్నంలో, నోట్లో, ముక్కులో కాగితపు తువ్వాలు ముక్కలు కుక్కి, కన్నం పైకి ఉండేలా పడుకోబెట్టండి. తడిసిన బొచ్చును చన్నీళ్లతో కడగండి. వేడినీళ్లు పోస్తే రక్తం గట్టిపడి అంటుకుపోతుంది. ఒంటి వేడి తగ్గకుండా బండిలో మూటకట్టి పడేస్తే పొట్ట కింద తోలు పచ్చబడి, బొచ్చు ఊడుతుంది. వీలైనంత త్వరగా వలవండి.

కన్నాలు పచ్చితోలు మీదే, కొవ్వు గీకడం అయ్యాక, ఆరబెట్టే పలక మీదికి ఎక్కించేముందు కుట్టాలి. గుండ్రటి కన్నాన్ని అలాగే కుడితే ముడత పడుతుంది. చిన్న కత్తితో దాన్ని తలా తోకల వైపు సాగిన బాదంగింజ ఆకారంలో కత్తిరించండి. మాంసం పక్క నుంచి, మూడంచుల తోలు సూదితో, మైనం పూసిన దారంతో అంగుళంలో ఎనిమిదో వంతుకో కుట్టు వేయండి. కుట్టు మధ్యలో చిక్కిన బొచ్చును సూది మొనతో బయటికి తోసేయండి. వీపు మధ్యలోని కన్నం ధరను ఎక్కువ తగ్గిస్తుంది, ఎందుకంటే చలికోటుల టోపీ అంచులకు పట్టీలు కోసేది అక్కడి నుంచే. పొట్ట దగ్గరి కన్నాన్ని అంతగా పట్టించుకోరు. కాబట్టి టైం తక్కువుంటే ముందు వీపు మీదివి కుట్టండి.